నేను కట్టని గాలిసంచి

ఉత్త కత్తెర ఆడిస్తే ఇంట్లో గొడవలొస్తాయని మా అమ్మ అంటే, ఆమె ముందే టకటకలాడించి నవ్వేవాణ్ని. దయ్యాలు, శకునాలు, దిష్టి... దేన్నీ లెక్కచేసిన మనిషిని కాను. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతి మాత్రం నన్ను వదలదు.

పోలీస్ యాక్షన్ అయిన కొన్నేళ్లకు జరిగిందిది. ఆబిడ్స్‌లో నాకు చిన్న దర్జీ దుకాణం, నాంపల్లిలో కిరాయి ఇల్లు. రోజులు హాయిగానే గడుస్తున్నాయి. అక్క కాన్పుకని మా ఇంటికొచ్చి ఉంది. బావ ఇంజన్ల మెకానిక్.

ఆ రోజుల్లో ఎవరో సర్వే కోసం హుస్సేన్‌సాగర్‌కు ఓ చిన్న విమానం తెచ్చారు. చక్రాలకు బదులు కింద రెండు పడవల్లాంటివి ఉంటాయి. నీళ్ల మీదే దిగుతుంది, నీళ్ల మీంచే లేస్తుంది. దాని ఇంజను చూసేది మా బావే. ఇక ఆయన గొప్పలు వినలేక చచ్చేవాళ్లం.

ఒకరోజు పైలట్‌తో పాటు తానూ ఎక్కుతానన్నాడు. అక్క ముఖం వాడిపోయింది.

విమానం ఎదురుగాలికే లేవాలట. గాలి వెనక నుంచి తోస్తే తొందరగా ఎత్తు అందుకోదు. ముందేమో కట్ట మీద చెట్లు. అందుకని గాలి ఎటు వీస్తోందో చూపే పొడవాటి గుడ్డ సంచి ఒకటి కట్ట మీది గుంజకు కట్టాలని, నన్ను కుట్టమన్నాడు. వాళ్లు ఎగిరే రోజు మధ్యాహ్నానికి కుట్టడం ముగించి, కాగితంలో చుట్టి, బషీర్‌బాగ్ మీదుగా సైకిల్ తొక్కాను. దారంతా గాలి కాసేపు అటు, కాసేపు ఇటు.

నేను వెళ్లేసరికి విమానం ఒడ్డునే ఉంది. కట్ట మీద పెద్ద కొమ్మ విరిగిపడి ఉంది. బావ పరుగున వచ్చి నన్ను వాటేసుకున్నాడు.

"బతికిచ్చినవ్ బామ్మర్దీ! నువ్వు సంచి కట్టకపోతే గా చెట్లల్ల వడి సస్తుంటిమి! మూతికి ఆకుపచ్చ అతుకేసినవ్ గదా, ముందుగాల గదే కానొచ్చింది."

జరిగిందేమిటంటే, నా కోసం ఆగకుండానే, ఒడ్డు దగ్గర నీళ్ల మీది అలలు చూసి ఎదురుగాలే అనుకుని కట్ట వైపు బయల్దేరారు. కొంత దూరం పోయాక ఇద్దరికీ గుంజ మీద ఎర్ర సంచి కనిపించింది. దాని తోక కట్ట అవతలికి ఎగురుతోంది. అంటే పైన గాలి వెనక నుంచి వస్తోంది. ఇంజను తగ్గించి ఆగిపోయారు. అంతలోనే వెనక నుంచి పెద్ద గాలి కొట్టి ఆ కొమ్మను విరిచేసింది.

"నేనేడ కట్టిన బావా? గిప్పుడే వస్తున్న గదా," అని కాగితం విప్పాను.

ఎర్ర సంచి. మూతికి ఆకుపచ్చ అతుకు. గుడ్డ చాలక బయల్దేరే ముందే వేశాను, ఎవరికీ చూపలేదు.

ముగ్గురం గుంజ దగ్గరికి వెళ్లాం. తాడు ముక్క కూడా లేదు. పైలట్ ఆ అతుకును వేలితో తడిమి, ఇదే అన్నాడు. నాకైతే బావ ఎదురుగా నిలబడి ఉన్నాడన్న సంతోషంలో సరిగా భయం కూడా వేయలేదు.

ఆ నెలలోనే అక్కకు ఆడపిల్ల పుట్టింది. బావ ఒళ్లో వేసుకుని మురిసిపోయాడు.

ఎన్ని రకాలుగా ఆలోచించినా ఈ ముడి నాకు విడలేదు. అక్కకు మాత్రం ఆ ఫికర్ లేదు. నేను ఆ మాట ఎత్తితే బావ వైపు ఓసారి చూసుకుని అంటుంది:

"ఎవరు కట్టిన్రో ఏందో, ఆళ్ల కడుపు సల్లగుండ."