మీ ఇళ్ళల్లో ఎలా అని అడిగే డాక్టరమ్మ

మా దీవిలోని గరాచర్మ ఆసుపత్రి నుంచి వచ్చే మనసు జబ్బుల డాక్టరమ్మ, ఎవరింటికెళ్ళినా ముందు "మీ ఇళ్ళల్లో ఎలా?" అని అడిగేది. ఆమెది హిందీ కలిసిన వచ్చీరాని తెలుగు.

పడవ తిరగబడి మా ఆయన పోయాక నాకు ఏడుపు రాలేదు. ఆసుపత్రిలో భర్త పేరడిగితే నోరు విప్పలేదు. మతి పోయిందని రాసేశారు.

డాక్టరమ్మ మా ఇంటికొచ్చి, గచ్చు మీద కూర్చుని, "మొగుడి పేరు చెప్పడం మీ ఇళ్ళల్లో ఎలా?" అని మా అత్తను అడిగింది.

"మా ఇళ్ళల్లో ఆడోళ్ళు మొగుడి పేరు పలకరు బేటీ," అంది అత్త.

"అయితే దీదీకి దిమాగ్ ఠీకే ఉంది," అని డాక్టరమ్మ నావైపు తిరిగింది. "మరి ఎలా పిలిచేవారు?"

"ఇదిగో, వింటన్నావా అని."

"వాడెప్పుడు విన్నాడు," అంది అత్త.

"ఒకసారి అలాగే పిలవండి దీదీ."

వాకిలి వైపు చూసి పిలిచాను. ముగ్గురం చాలాసేపు జవాబు కోసం కూర్చున్నాం. ఇక పలకడని నాకు అప్పుడు తెలిసింది.