అద్దంలో టీవీ

ఆ కటింగ్ షాపులో టీవీని నేరుగా చూసినవాళ్లు లేరు. కొన్న రోజున ప్లగ్గు ఉన్న గోడ ఒక్కటే దొరికింది, అది వెనక గోడ. కుర్చీలూ అద్దాలూ ఎదుటి గోడకి. అన్నదమ్ములిద్దరూ పొద్దున్నుంచీ అద్దాలకేసి తిరిగి నిలబడే మనుషులు కనుక టీవీ వాళ్ల వీపుల వెనక మోగేది, కళ్లముందు అద్దంలో ఆడేది. కుర్చీలో కూర్చున్నవాడికీ అద్దమే. టీవీ కింద బల్లమీద వంతుకోసం కాచుకున్నవాడికీ అద్దమే. కొత్తవాడెవడైనా బొమ్మ సరిగ్గా చూద్దామని మెడ తిప్పితే పెద్దన్న వాడి తల పట్టుకుని మళ్లీ ముందుకి తిప్పేవాడు.

"తిరక్కండి సార్. చెవి మీది, కత్తి నాది."

పెద్దన్న, చిన్నన్న అన్నవి జనం పెట్టిన పేర్లే. సొంత పేర్లు ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేవు. అద్దంలో అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి కాబట్టి ఆ షాపులో ఏ కార్యక్రమానికీ దాని అసలు పేరు ఉండేది కాదు. నలుగురైదుగురు పెట్టెల్లో కూర్చుని అరుచుకునే వార్తల చర్చకి ‘డబ్బాల్లో దెబ్బలాట’ అని పేరు. పాటల పోటీకి ‘ఏడుపుల పందెం’. హీరోలంతా ఎడమచేత్తో తుపాకి పేల్చేవాళ్లు, ఎడమచేత్తో అన్నం తినేవాళ్లు. ఒకసారి ఎవరింట్లోనో టీవీ ఎదురుగా కూర్చోవలసివచ్చి, "ఇదేంటి, ఈయన కుడిచేత్తో తింటున్నాడు?" అని పెద్దన్న అందరిముందూ అడిగేశాడు. తమ్ముడు ఆ సంగతి షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వించాడు.

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు నేరుగా చూసుకోవడమూ తక్కువే. పక్కపక్కన నిలబడి మాట్లాడుకునేదీ అద్దంలోనే. మాట్లాడుకునేది ఎప్పుడూ టీవీ గురించే. చిన్నన్న భార్యకి జబ్బు చేసినప్పుడు గానీ, పెద్దన్న భార్య పోయినప్పుడు గానీ వాళ్లు ఆ విషయం నోరువిప్పి అనుకున్నట్టు ఎవరూ వినలేదు. పెద్దన్న భార్య పోయాక షాపు మళ్లీ తెరిచిన రోజున చిన్నన్న గొంతు సవరించుకుని, "నిన్న సీరియల్లో ఆ అత్తగారు మెట్లమీంచి పడింది అన్నయ్యా, ఇంకా దొర్లుతూనే ఉంది" అన్నాడు. పెద్దన్న, "రేపటికి కింద మెట్టు చేరుతుందిలే" అన్నాడు. అంతే. దాన్ని పరామర్శ అనుకోవాలి.

పెద్దన్నది పాతకాలం పక్షం.

"ఆ రోజుల్లో వార్తలు చదివే అమ్మాయి ఎంత పద్ధతిగా ఉండేదిరా! వరదలొచ్చాయన్నా, మంత్రిగారు రిబ్బను కత్తిరించారన్నా ఒకటే మొహం. ఇప్పుడు చినుకు పడుతుందని చెప్పడానికి కూడా కొంప అంటుకున్నట్టు అరుస్తారు."

"ఆ మొహం చూసే సగం జనం నిద్రపోయేవాళ్లు. నీకు మంచి ప్రోగ్రామంటే కునుకు పట్టేది."

"పదమూడు వారాలు చెప్తే కథ అయిపోయేది. ఇప్పుడో? సోమవారం చెయ్యి లేస్తుంది, శుక్రవారానికి చెంప చేరుతుంది."

"మరి కొట్టేముందు మనిషి ఆలోచించుకోవాలా వద్దా?"

"పిల్ల పాడేది పిసరంత, జడ్జీలు ఏడ్చేది పుట్టెడు."

"ఏడిస్తే నీకేం పోయింది? తడిస్తే వాళ్ల సోఫాలే కదా."

వారం వారం గడ్డానికొచ్చే లెక్కల మాస్టారు సబ్బు నురగలోంచి అనేవాడు: "మీరిద్దరూ తేల్చుకునేలోపు నాకు మళ్లీ గడ్డం వస్తుందయ్యా."

అప్పుడప్పుడు మాట మీరేది. మాట మీరితే ఎవరో ఒకరు అలిగేవాళ్లు. అలకకి ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది. అలిగినవాడు మాట్లాడడు. రెండోవాడు ఏదైనా అడిగితే ఖాళీ గాలిలో కత్తెర ఒక్కసారి ఆడిస్తాడు. టిక్. కోపం పోలేదు గానీ విన్నాను అని దానర్థం. అలక తీరడానికీ ఒక పద్ధతి ఉంది. వాళ్ల కుర్రతనంలో ఒక సీరియల్ వచ్చేది, అందులో విలన్ ఒక వకీలు. వాడికి మూతి వంకర. ఎవరి ఇంట్లోనైనా చిచ్చుపెట్టి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, ఆ వంకర మూతితోనే, "తలుపు తీసే ఉంచు, మళ్లీ వస్తా" అనేవాడు. అలిగి అలిగి విసుగొచ్చినవాడు అద్దంలో రెండోవాడి కంట పడేలా మూతిని కుడివైపుకి వంచుతాడు. రెండోవాడు ఆ మాట అంటాడు. ఇద్దరూ నవ్వుతారు. కుర్చీలో ఉన్నవాళ్లకి ఏమీ అర్థమయ్యేది కాదు.

చివరి తగాదా ఆ సీరియల్ గురించే వచ్చింది. దాన్ని మళ్లీ వేస్తారని ఏదో ఛానెల్ వాళ్లు ప్రకటించారు. పెద్దన్న పొంగిపోయాడు. చిన్నన్న మాత్రం, ఇప్పుడు చూస్తే అదంతా పిండిబొమ్మల ఆటలా ఉంటుందన్నాడు. వకీలు కూడా ఏమంత గొప్ప నటుడు కాదు, వాడికి మూతి తప్ప ఇంకేం లేదన్నాడు.

"నీకేం తెలుసురా నటన గురించి? ఏడుపుల పందెం చూసుకో పో."

"మూతి వంకర పెడితే నటనా? అదైతే నేనూ చేస్తాను, రోజూ చేస్తూనే ఉన్నాగా."

షాపు నిండా జనం నవ్వారు. పెద్దన్నకి అది తగిలింది. జనం నవ్వినందుకు కాదు. తను మనసులో దాచుకున్న ఒకే ఒక్క మంచి వస్తువుని తమ్ముడు బజారులో పెట్టాడనిపించింది.

"నువ్వు నోరు మూసుకున్న రోజున ఈ షాపు బాగుపడుతుంది" అన్నాడు.

అద్దంలో తమ్ముడి మొహం ఒక్క క్షణం అలాగే ఆగింది. తరవాత కత్తెర గాలిలో ఆడింది. టిక్.

మర్నాడు పొద్దున చిన్నన్న మాట్లాడకుండానే వచ్చాడు, మాట్లాడకుండానే ఏప్రన్ కట్టుకున్నాడు. టీవీలో వంటల పోటీ వస్తోంది. పెద్దన్న ఎప్పటిలా మొదలుపెట్టాడు: "రుచి చూసేవాడు చెంచా నోట్లో పెట్టుకున్నాక ఇంతసేపు కళ్లు మూసుకోవడమేంట్రా, పోయాడనుకుంటారు జనం." టిక్ మనలేదు. ఈసారి అలక గట్టిగానే ఉంది అనుకున్నాడు. ఇంకొంచెంసేపటికి తమ్ముడి చేతిలోంచి కత్తెర జారి నేలమీద పడింది. విసిరికొట్టాడు, అంత పొగరా, అనుకున్నాడు. చిన్నన్న కుర్చీలోని మనిషి మొహంమీద వేడి తువ్వాలు వేసుకుని పడుకుని ఉన్నాడు, అతనికేం తెలుసు?

అప్పుడు అద్దంలో తమ్ముడు అతనికేసి చూశాడు. మూతి వంకరగా ఉంది.

పెద్దన్న గుండె తేలికపడింది. వీడే దిగొచ్చాడు! నవ్వాడు. పగలబడి నవ్వాడు. నవ్వి, వకీలు గొంతు పెట్టి, "తలుపు తీసే ఉంచు, మళ్లీ వస్తా" అన్నాడు. తమ్ముడి కళ్లు అద్దంలోంచి అతన్నే చూస్తున్నాయి. నోరు కదిలింది. ఏదో అనబోతున్నాడు, అననీ, తొందరేముంది అని పెద్దన్న తన కుర్చీలోని మెడమీదికి వంగాడు. వంటల పోటీలో ఎవరో ఓడిపోయి ఏడుస్తున్నారు. "చూశావా, ఇక్కడా ఏడుపే" అన్నాడు వంగినవాడు వంగినట్టే. ఆ మెడ పూర్తిచేసి, పౌడరు అద్ది, బ్రష్షుతో దులిపి, తలెత్తేసరికి అద్దంలో తమ్ముడు లేడు. కుర్చీ కాళ్ల దగ్గర పడివున్నాడు. తువ్వాలు మనిషి ఇంకా నిద్రలోనే ఉన్నాడు.

నవ్వు నాలుగు విధాల చేటు అని వాళ్లమ్మ ఎన్నిసార్లో అనేది. ఆ నాలుగూ ఏమిటో ఆవిడ ఎన్నడూ చెప్పలేదు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అడిగిందే అడిగాడు. మొదట ఎప్పుడు తేడా కనిపించింది? మూతి ఎప్పుడు వంకరపోయింది? తొందరగా తీసుకొస్తే ఒక మందు ఉంది, ఆలస్యమైతే అది ఇవ్వకూడదు, అందుకని. పెద్దన్న గోడకానుకుని నిలబడ్డాడు. మరదలు అతని చెయ్యి పట్టుకుని ఊపింది.

"బావగారూ, అడుగుతున్నారు, చెప్పండి. ఎప్పుడు చూశారు మీరు?"

"పడ్డప్పుడేనమ్మా" అన్నాడు. "పడ్డప్పుడే చూశాను."

ఆ అబద్ధం వల్ల కొత్తగా జరిగిన నష్టం లేదు. తలలో నెత్తురు గడ్డకట్టింది, దారిలో రద్దీలో చాలాసేపు ఇరుక్కున్నారు, ఆ మందుకి ఎలాగూ వేళ దాటిపోయింది అన్నాడు డాక్టరు. కానీ కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ పోయాయని ఆయన చెబుతున్నప్పుడు పెద్దన్నకి ఇంకో సంగతి తట్టింది. తమ్ముడు వకీలు మూతి ఎప్పుడూ కుడికే వంచేవాడు. ఆ రోజు అది ఎడమకి వంగింది. తను చూశాడు. చూసి నవ్వాడు.

ఆ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకడు చెప్పడు, ఒకడు చెప్పలేడు. చిన్నన్న ఇంటికొచ్చి మంచంలో పడ్డాక పెద్దన్న రోజూ వెళ్లి పక్కన కూర్చునేవాడు. తమ్ముడు తన నవ్వు విన్నాడా, విని గుర్తుపెట్టుకున్నాడా అన్న ఒక్క ప్రశ్న అతన్ని తినేసేది. మరదలు వంటింట్లోకి వెళ్లగానే చెవి దగ్గరికి వంగి, "ఒరే, ఒక్క తిట్టు తిట్టరా" అనేవాడు. తమ్ముడు కప్పుకేసి చూసేవాడు.

ఒకరోజు మరదలు అంది: "ఇక్కడ టీవీ పెట్టినా చూడరు బావగారూ. మొహం అటు తిప్పేసుకుంటారు. షాపుకి తీసుకెళ్లి చూడండి, పోనీ."

ఆ తరవాతి సెలవు రోజున, జనం ఉండరు కాబట్టి, చక్రాల కుర్చీలో తీసుకెళ్లాడు. షట్టరు సగం దించి, తమ్ముణ్ణి ఎత్తి అతని కుర్చీలోనే కూర్చోబెట్టాడు. ఇన్నేళ్లలో ఆ కుర్చీ వెనక నిలబడడమే గాని తమ్ముడు అందులో కూర్చోగా చూడలేదు. అద్దంలో టీవీ పెట్టాడు. గడ్డానికి నురగ రాస్తూ, రెచ్చగొట్టి మాట రప్పించాలని తన సిద్ధాంతాలన్నీ తలకిందులు చేశాడు.

"నువ్వన్నదే నిజంరా. పాతవన్నీ చెత్త. ఆ వార్తలమ్మాయికి మొహంలో ప్రాణం లేదు. పాటల పోటీ చూశాను నిన్న, నాకూ ఏడుపొచ్చింది."

చెంపకి ఇంకో పూత నురగ రాశాడు.

"సీరియల్‌కి పదమూడు వారాలేం చాలతాయి? పదమూడేళ్లు పట్టినా ఫర్వాలేదు."

తమ్ముడి ఎడమ కన్ను అద్దంలో ఒకసారి మూసుకుని తెరుచుకుంది. విసుగో, తడో తెలియలేదు. అతని మొహం ఇప్పుడెప్పుడూ ఆ వంకర మూతితోనే ఉంటుంది. నవ్వినా అదే, ఏడ్చినా అదే. అద్దంలో ఆ మూతి కనిపించినప్పుడల్లా పెద్దన్న గొంతులో తన పాత నవ్వు అడ్డుపడేది.

అలా చాలా సెలవు రోజులు గడిచాయి. మాట రాలేదు. చిన్నన్న రోజురోజుకీ తేలికవుతున్నాడని ఎత్తే చేతులకి తెలుస్తూనే ఉంది.

చివరిగా తీసుకెళ్లిన రోజున టీవీ పెట్టగానే అద్దంలో ఆ పాత సీరియలే వస్తోంది. తగాదా తెచ్చిపెట్టిన సీరియల్. పెద్దన్న చెయ్యి రిమోటు మీదికి వెళ్లి ఆగింది. తరవాత ఏమనుకున్నాడో, కుర్చీ పక్కనున్న కాడ వదులుచేసి కుర్చీని గిర్రున తిప్పేశాడు. చిన్నన్న వీపు అద్దానికయింది, మొహం టీవీకయింది. ఆ షాపులో మొదటిసారి ఒకడు టీవీని నేరుగా చూస్తున్నాడు. పెద్దన్న వచ్చి తమ్ముడి ఎదుట నిలబడి గడ్డానికి నురగ రాయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు టీవీ అతని వెనక ఉంది, అద్దాన్ని తమ్ముడి తల మూసేసింది. అతనికి కనిపించేది తమ్ముడి మొహం ఒక్కటే.

"ఏం జరుగుతోందిరా?" అని అడిగాడు.

టీవీలో ఎవరో ఆడమనిషి బతిమాలుతోంది. ఒక కుర్చీ పడిన చప్పుడు. అడుగుల చప్పుడు గుమ్మం దగ్గరికి వెళ్లి ఆగింది.

"తలుపు తీసే ఉంచు" అన్నాడు వకీలు పెద్దన్న వీపు వెనకనుంచి. "మళ్లీ వస్తా."

తమ్ముడి మూతిలో మార్పు లేదు. కళ్లు మాత్రం టీవీమీదినుంచి దిగి అన్న మొహం మీదికొచ్చి నిలబడ్డాయి. అద్దం లేకుండా, నేరుగా. పెద్దన్న ఆ చూపుకి తట్టుకోలేకపోయాడు. నురగ బ్రష్షు పక్కన పెట్టి మోకాళ్లమీద కూర్చున్నాడు.

"నేను నవ్వానురా ఆ రోజు. నువ్వు పడుతుంటే నవ్వాను. నువ్వు వేళాకోళం చేస్తున్నావనుకున్నాను. డాక్టరుకి కూడా చెప్పలేదు. నీకు గుర్తుందా?"

టీవీలో ప్రకటనలు మొదలయ్యాయి, సబ్బులూ నూనెలూ. అప్పుడు కుర్చీ చేతిమీద చిన్నన్న ఎడమచెయ్యి లేచింది. ఆ షాపు అద్దంలో హీరోలంతా వాడిన ఎడమచెయ్యి. చూపుడువేలూ నడిమివేలూ కొంచెం విడిపడి, గాలిలో ఒక్కసారి దగ్గరికొచ్చాయి.

చప్పుడు లేదు. పెద్దన్నకి మాత్రం వినిపించింది.

అతను మూతి కుడివైపుకి వంచి తమ్ముడి మొహంలోకి చూశాడు. ఆ మాట అనేవాడెవడూ లేడు. తమ్ముడి చెయ్యి మళ్లీ కిందికి వాలిపోయింది. పెద్దన్న లేచి, ఆరిపోయిన నురగ తుడిచి, మళ్లీ రాసి, గడ్డం పూర్తిచేశాడు. చెంపలు లోపలికి పోయాయి కనుక చర్మం వేళ్లతో సాగదీసి గీయవలసివచ్చింది. ఎక్కడా గాటు పడలేదు.

ఎండలు ముదరకముందే చిన్నన్న పోయాడు. ఆ వారమంతా మూసివున్న షాపుని పెద్దన్న మళ్లీ తెరిచాడు. మొదట వచ్చినవాడు లెక్కల మాస్టారు. ఆయన రెండో కుర్చీ ఇంకా టీవీకేసి తిరిగివుండటం చూసి, పెద్దన్న కుర్చీలో కూర్చుని తల ముందుకి వంచాడు. టీవీలో పాటల పోటీ వస్తోంది. ఒక పిల్ల పాడటం ఆపింది, జడ్జీలు మొదలుపెట్టారు. మాస్టారు, షాపు మరీ నిశ్శబ్దంగా ఉంటే బాగుండదనుకున్నాడేమో, "ఏమంటావయ్యా వీళ్ల గురించి?" అని అడిగాడు.

పెద్దన్న అద్దంలోకి చూశాడు. కత్తెర పైకెత్తి గాలిలో ఒక్కసారి ఆడించి, మాస్టారి మెడమీదికి వంగాడు.