కింద నుంచి నడిచొస్తున్న సముద్రం

మాస్టారు పోయారన్న కబురు నాకు మోటార్ల షాపు భాయి ఫోన్లో చెప్పాడు. మాస్టారింటి పక్కనే ఆయన షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు మళ్ళీ తీగ చుట్టి ఇవ్వడం ఆయన పని. "టీ తాగుదురు రమ్మని పిలిచేనమ్మా. పలకలేదు. కుర్చీలోనే ఉన్నారు, అలాగే," అన్నాడు. "మొన్న నీకోసం రెండుసార్లు అడిగేరు. ఏదో బాటిలంట," అన్నాడు. నేను అప్పుడు స్కూల్లో తొమ్మిదో తరగతి సైన్సు పేపర్లు దిద్దుతున్నాను. ఏడుపు తరవాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఎందుకంటే ఆ బాటిలు నేను తీసుకెళ్ళలేదు.

ఆయన్ని ఎరగనివాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. అనకాపల్లి చుట్టుపక్కల పిల్లలకు ఏళ్ళ తరబడి నీటి ఇంజనీరింగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బీయస్సీ చదివేటప్పుడు నేను ఆయన వరండాలో ట్యూషన్‌కి కూర్చునేదాన్ని. ఫీజు సంగతి మనం ఎత్తితే తప్ప ఆయనకు గుర్తుండేది కాదు గానీ, మనం వాడే మాట తేడాగా ఉంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "మా వీధిలో నీళ్ళు బాగోలేవు సార్" అన్నామా, అయిపోయామే!

"బాగోకపోడమేటి? ఉప్పా? కలకా? వాసనా? డాక్టరు దగ్గరికెళ్ళి ఒళ్ళు బాగోలేదని చెప్పి ఊరుకుంటావా? ఎక్కడో చెప్పవా?"

ఆయనకో పెద్ద నోటుబుక్కు ఉండేది. ప్రతి పేజీలో రెండు వరసలు. ఎడమవైపు పుస్తకంలోని సైన్సు మాట. కుడివైపు అదే సంగతికి పనిచేసే మనుషులు వాడే మాట, పక్కన అది చెప్పినవాళ్ళు ఎవరో. 'జలస్తరం' అన్న మాట కోసం కె. కోటపాడు వైపు వెళ్ళి, బోరు వేసేవాళ్ళ పక్కన గొడుగు పట్టుకుని కూర్చున్నారట. వాళ్ళలో ఒకడు "ఊట తగిలింది" అని కేక పెట్టేదాకా లేవలేదట. నీటిమట్టం పడిపోయి పంపు ఉత్తినే తిరగడాన్ని పుస్తకాల్లో 'డ్రై రన్నింగ్' అంటారు. భాయి "మోటారు గాలి తాగతంది మాస్టారూ" అన్నాడు. అంతే, అది ఎక్కింది. ఆయన పెట్టుకున్న నియమం ఒక్కటే, ఎవరో ఒకరు తమంతట తాము నోటితో అంటే తప్ప కుడివైపు ఏదీ రాయకూడదు. తను కల్పించి రాయరు, మనల్ని రాయనివ్వరు. "బళ్ళో పుట్టిన మాట బళ్ళోనే చస్తాదమ్మా. మనిషి నోట్లో పడితే బతుకుతాది" అనేవారు.

ఇక బాటిలు సంగతి. నక్కపల్లి అవతల, సముద్రానికి దగ్గర్లో ఉంది మా ఊరు. అక్కడ మా అన్నయ్యది చెరకు సేద్యం. నెలకోసారి నేను వెళ్ళొచ్చేటప్పుడు మా వీధి బోరు నీళ్ళు ఒక బాటిల్లో పట్టుకురమ్మని మాస్టారు అడిగేవారు. మా వదిన నింపి, మూత బిగించి, గుడ్డతో తుడిచి మరీ ఇచ్చేది. నేను తెచ్చిచ్చేదాన్ని. ఆయన అందులో ఉప్పు కొలిచే మీటరు ముంచి, అంకె చూసి, రాసుకునేవారు. రెండేళ్ళపాటు ఆ అంకె కదల్లేదు. చుట్టుపక్కల ఊళ్ళవి మాత్రం నెలనెలా ఎక్కుతున్నాయి.

"మా ఊరు అదృష్టం చేసుకుంది సార్" అన్నాను ఒకసారి.

ఆయన నవ్వలేదు. "చుట్టూ ఇళ్ళు అంటుకుంటే మధ్యలో ఇల్లొక్కటీ చల్లగా ఉంటాదా?" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఊరికే భయపెడతారేమిటి అనుకున్నాను.

ఆయన రోజూ ఉదయం బెల్లం మార్కెట్ దాకా నడిచి వెళ్ళేవారు. అక్కడ వర్తకులు దిమ్మ నుంచి చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుని, ఏ నేల చెరకో చెప్పేస్తారు. ఉప్పునీళ్ళు తాగిన చెరకు బెల్లంలో ఆ ఉప్పు దాగదు. ఒకనాడు ఎవరో ఒక దిమ్మను పక్కకు నెట్టి "ఉప్పుబెల్లం" అంటుంటే, మాస్టారు కూడా ముక్క గిల్లుకున్నారు. ఏ ఊరిదని అడిగితే మా ఊరి పేరు చెప్పారు.

మాస్టారు తిన్నగా మా స్కూలుకి వచ్చేశారు. చెమటలు కారిపోతున్నాయి. గొంతు మాత్రం చాలా మెల్లగా ఉంది. "నా మీటరు అబద్ధం చెప్పదు. నా నాలుకా చెప్పదు. నువ్వు తెచ్చే నీళ్ళు ఏ బోరువమ్మా?"

సైన్సు టీచర్ని! బాటిలు ఎక్కడ నింపుతున్నావని వదినని ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం బస్సెక్కి నక్కపల్లిలో దిగి, ఆటోలో ఊరికి వెళ్ళాం. వదిన ఏమీ దాచలేదు. అందులో తప్పుందని ఆమెకు తోచనేలేదు పాపం. "మా ఊళ్ళో సుట్టాలొత్తే తోటబావి నీళ్ళే ఇత్తాం సార్. బోరు నీళ్ళల్లో పప్పయినా మెదగదు, మాకు అలవాటైపోనాది, తాగేత్తాం. అంత పెద్దోరికి ఆ ఉప్పు నీళ్ళెలా పంపుతాం? బాటిలు మీద మా ఇంటిపేరు కూడా ఉంటాది గదా," అంది.

వదినకి ముప్పై నిండకుండానే బీపీ మాత్రలు వచ్చాయి. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ముగ్గురూ పగలంతా తాగేది ఆ బోరు నీళ్ళే.

మాస్టారు ఆమెని ఒక్క మాట అనలేదు. "నాకు మర్యాద చేసేవమ్మా. నీకు నువ్వు చేసుకోలేదు" అన్నారంతే. వీధి బోరు దగ్గరికి వెళ్ళి, తనే నీళ్ళు కొట్టి, మీటరు ముంచారు. అంకె ఆగకుండా పైకి పోతోంది. ఆగాక కూడా ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ ఉన్నారు. అక్కడే గట్టు మీద కూర్చుని వదినకి వివరంగా చెప్పారు. నేల కింద తీపి నీళ్ళ బరువు సముద్రాన్ని ఆపి ఉంచుతుందనీ, మనం మోటార్లు పెట్టి తీపి నీళ్ళు తోడేకొద్దీ ఆ బరువు తగ్గి ఉప్పునీళ్ళు ఇటు జరుగుతాయనీ, దాన్ని పుస్తకంలో 'సముద్రజల చొరబాటు' అంటారనీ చెప్పారు.

వదిన కాళ్ళకింద నేలవైపు చూసింది. "అంటే సముద్రం కింద నించి నడిసొచ్చేత్తందా సార్?"

ఆయన బుక్కు తెరిచి ఆ మాట రాసుకున్నారు. ఆయనకు కొత్త మాట దొరికి కూడా ముఖంలో సంతోషం కనపడకపోవడం అదే మొదటిసారి చూశాను.

తరవాత సుద్దముక్క తీశారు. ప్రతి ఊళ్ళోనూ బోరు పక్క గోడ మీద అంకె రాసి, తాగొచ్చో తాగకూడదో రాయడం ఆయన అలవాటు. మా అన్నయ్య అడ్డం వచ్చాడు. "గోడ మీద వద్దు మాస్టారూ, మీకు దణ్ణం. మార్కెట్లో తెలిసిపోతే మా ఊరి దిమ్మ ఒక్కటి ముట్టుకోరు. తిండెలాగ మాకు?"

ఆయన వాదించలేదు. తిరుగు బస్సులో సుద్దముక్క నా చేతిలో పెట్టారు. "ఊరు మీది, గోడ మీది. నేను రాస్తే తుడిచేస్తారు. నువ్వు రాయాల. ముందు బోరు నీళ్ళు నువ్వే బాటిల్లో పట్టి తే. కొత్త అంకె తీసుకునే రాయాల, పాతది కాదు."

సరే అన్నాను. ఆ తరవాత పరీక్షలన్నాను, ఎండలన్నాను, అన్నయ్యకి కోపమన్నాను. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే ఆదివారం అనేదాన్ని. నెలలు గడిచిపోయాయి. ఆ నెలలన్నీ పిల్లలు ఆ నీళ్ళే తాగారు. ఇందులో దాచుకోవడానికేముంది, నాది పిరికితనం.

ఆయన పోయిన నాలుగో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. భాయి మాస్టారి మీటరు నా చేతికిచ్చి, ఆ నోటుబుక్కు తెచ్చి చూపించాడు. చివరి పేజీలో ఎడమవైపు 'తాగుటకు పనికిరాని నీరు' అని ఉంది. పక్కన మా ఊరి పేరు. కుడివైపు ఖాళీ. మా ఊళ్ళో ఎవరూ ఆ మాట అనలేదు మరి.

మర్నాడే మా ఊరికి వెళ్ళాను. వీధి బోరు అంకె మాస్టారు చూసినదానికన్నా ఎక్కి ఉంది. అది అనుకున్నదే. ఎందుకో మనసాగక తోటబావి దగ్గరికి కూడా నడిచాను. అక్కడ మీటరు ముంచి, బాటిలు కడిగి మళ్ళీ ముంచాను. మూడోసారి కూడా అదే అంకె. రెండేళ్ళు కదలకుండా ఉన్నది కదిలింది.

వచ్చి గోడ మీద రెండింటి అంకెలూ రాశాను. కింద, తాగొద్దు అని పెద్దక్షరాలతో రాశాను. అన్నయ్య పొలం నుంచి వచ్చి, తడి తువ్వాలుతో గోడ ముందు నిలబడ్డాడు.

"తుడిచెయ్. మళ్ళీ రాస్తాను," అన్నాను.

వాడు మొదటి అంకె వైపు చూడనేలేదు. "తోటబావి కూడానా?" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని గట్టు మీద కూలబడ్డాడు.

లోపల వదిన ఆడపడుచు వచ్చిందని తోటబావి నీళ్ళు పోసి కందిపప్పు పెట్టింది. నేను గుమ్మంలోకి వెళ్ళేసరికి కుక్కరు ఇంకా కూస్తూనే ఉంది. "పన్నెండు కూతలయ్యేయి వదినా, ఏటో ఇయాల," అంటూ దింపి మూత తీసింది. గరిటెతో నాలుగు పప్పులు తీసి, ఒకటి వేళ్ళ మధ్య పెట్టి నొక్కింది. మెదగలేదు. నావైపు చూసి, ఇంకొకటి తీసి నొక్కింది.