తెల్ల పట్టుచీరలు, మరిపెడ మబ్బు

ఈ మధ్య బట్టల షాపుల్లో కూర్చునే చోటు తీసేశారు. చీర కొనే ఆడవాళ్ల వెంట వెళ్లిన మగవాడు బొమ్మల పక్కన ఇంకో బొమ్మలా నిలబడాలి. తేడా ఏమిటంటే బొమ్మలకు మోకాళ్ల నొప్పులుండవు. మొన్న హన్మకొండలో అలా నిలబడి ఉండగా మట్టెవాడలో మా మామయ్య దుకాణం గుర్తొచ్చింది.

అక్కడ పరుపు, దిండ్లు, అడగకముందే చాయ్. మామయ్యకు గుంట భూమి లేదు. అయినా పొద్దున షట్టర్ ఎత్తగానే దేవుడి పటం కన్నా ముందు మిరప పండే మరిపెడ వైపు ఆకాశాన్ని చూసేవాడు. పక్కనున్న కంసాలి, ఎదురుగా టైలర్, మూలమీది బ్యాండు మేళంవాళ్లు, అందరూ అటే చూసేవాళ్లు. మిరపకాయ ఎండితే పెళ్లిళ్లు, తడిస్తే వాయిదాలు. నేను డిగ్రీలో ఎకనామిక్స్ చదివాను. ఆ పుస్తకాల్లో మబ్బుల మీద పాఠం లేదు.

ఒక ఏడు మామయ్య ధైర్యం చేసి తెల్ల పట్టుచీరలు ఎక్కువ తెప్పించాడు. ఈస్టర్ దాటగానే చర్చిల్లో పెళ్లిళ్లు మొదలవుతాయి, పెళ్లికూతుళ్లు తెల్లచీరే కడతారు. ఆ పెళ్లిళ్లు ఆగితే, అంచు కూడా తెలుపే అయిన ఆ చీరల్ని ఇంకో పెళ్లివాళ్లకు చూపించి మర్యాదగా బయటపడడం కష్టం.

ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం మర్నాడు, నేను దుకాణంలో ఉండగా, మరిపెడ నుంచి ఒక పెళ్లికూతురు వచ్చింది. వెంట వాళ్లమ్మ, సంచీ ఒళ్లో పెట్టుకున్న ఇంకో పెద్దావిడ. ఎవరో చుట్టం అనుకున్నాం. పిల్ల ఒక చీర భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడేసరికి, మబ్బు కమ్మి మిట్టమధ్యాహ్నం దుకాణంలో లైటు వేయాల్సి వచ్చింది.

చీర తీయకుండానే పిల్ల తమ్ముడికి ఫోన్ చేసింది. "మిరపకాయ కల్లంల అట్లనే ఉన్నదా? టార్పాలిన్ పట్టాలు కప్పురా, జల్ది!" అవతల అంతా గాలి హోరే. ఫోన్ కట్టయింది. వాళ్లమ్మ "ఏసయ్యా" అని కళ్లు మూసుకుంది. మూలనున్న పెద్దావిడ కూడా ఎవరికో ఫోన్ చేస్తోంది. ఎవరూ ఎత్తడం లేదు. నేను లేచి ఫ్యాన్ కట్టేశాను. దానివల్ల వాన ఎలా ఆగుతుందో ఇప్పటికీ చెప్పలేను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, మబ్బన్నంక పోతది" అన్నాడు మామయ్య, మడతపెట్టిన చీరనే మళ్లీ మడతపెడుతూ.

"నువ్వెట్లనన్న అంటవ్ సేటూ. కాయ నీది కాదు గద!" అంది పిల్ల తల్లి.

తెప్పించిన తెల్లచీరల లెక్కన ఆ కాయలో సగం తనదేనని మామయ్య ఆమెకు చెప్పలేదు. వయసు వచ్చాక ఏళ్లు గబగబా గడిచిపోతాయంటారు. ఆ ఫోన్ మోగేదాకా కూర్చున్న ఆ కాసేపు మాత్రం నాకు ఇంకా పూర్తిగా గడవలేదు.

మోగింది. తమ్ముడి గొంతు దుకాణమంతా వినపడింది. "అక్కా, మనకాడ సుక్క పడలే! మబ్బు మర్లిపోయింది. డోర్నకల్ దిక్కు దంచికొడ్తాందట!"

మామయ్య పరుపు మీద నుంచి ఎగిరి లేచాడు. "బతికినం! పడితే ఆడ్నే పడనీ, మన మరిపెడ సల్లగుండాలె. అల్లుడా, అందరికి చాయ్ చెప్పు!"

పిల్ల నవ్వలేదు. భుజం మీది చీర తీసి మెల్లగా పరుపు మీద పెట్టి, మూలకు చూసింది. పెద్దావిడ ఫోన్ సంచీలో వేసుకుంది.

"మాది డోర్నకలే సేటూ" అంది. "నేను పెండ్లి పిలగాని తల్లిని. ఈ చీర పెట్టేది మేమే. మా కాయ కల్లంలనే ఉన్నది."