వెళ్ళొస్తానన్న రాయబారి

ఈ ఉదయం తుని వైపు సముద్రపు ఒడ్డు నుంచి మా ఇంటికి ఎండు రొయ్యల బుట్ట వచ్చింది. రాజమండ్రిలో మేముండేది అపార్ట్‌మెంటు కాబట్టి, మూత తీయగానే ఆ వాసన మెట్లెక్కి పై అంతస్తుల వాళ్ళను కూడా పలకరించి వచ్చింది. ఎదురింటావిడ ముక్కు మూసుకుని తలుపేసుకుంది. మా ఆవిడ మాత్రం గుప్పెడు రొయ్యలు తీసి చూసి, "ఈసారి బాగా ఎండాయండి" అని మురిసిపోయింది. వీటిని పంపిన పెద్దాయన మాకు పరిచయమైంది ఈ చుట్టుపక్కల కాదు, సముద్రాలవతల ఒక ద్వీపంలో, జైల్లో. కంగారు పడకండి, లోపల ఉన్నది ఆయన. మేం చూడ్డానికి వెళ్ళినవాళ్ళం.

మా ఆవిడ అప్పట్లో ఆ ద్వీపంలో మన దేశ రాయబారి. లూథరన్ బడిలో పాఠాలు చెప్పుకున్న మాస్టారి కూతురు అంతదాకా ఎదిగింది. నేను ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ముందుగానే రిటైర్మెంటు తీసుకుని ఆవిడ వెంట బయల్దేరాను. "అక్కడ తమరేం చేస్తారండి?" అని మా ఆఫీసు వాళ్ళు ఎంతో మర్యాదగా ఎగతాళి చేశారు. చేసేదేముంది, రాయబారుల భార్యల టీ పార్టీలకు వెళ్ళేవాణ్ణి. ఆహ్వానం మీద "శ్రీమతి రాయబారి గారికి" అనే అచ్చయి వచ్చేది. మొదట్లో సిగ్గేసింది. అక్కడి కేకుల రుచి మరిగాక ఆ సిగ్గూ పోయింది.

ఆవిడకి మాత్రం అవి తిండి సయించని రోజులు. ఇంజను చెడి, గాలికి కొట్టుకొచ్చిన మన వైపు జాలరులు కొందరిని సరిహద్దు దాటారని పట్టుకుని ఆ దేశం వాళ్ళు జైల్లో పెట్టారు. ఆవిడ తరచూ వెళ్ళి వాళ్ళను చూసొచ్చేది. "అమ్మగారండీ, మమ్మల్నొదిలేసి మీరెల్లిపోరు కదండీ?" అని అడిగేవారు పాపం. ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగినా "పరిశీలిస్తున్నాం" అన్న మాటే. ఇంతలో ఆవిడ పదవీకాలం ముగిసింది. పెట్టెలు సర్దుతూ ఆవిడ ఏడుస్తుంటే నాకూ దుఃఖం ఆగలేదు.

వీడ్కోలు చెప్పడానికి ఆ దేశాధ్యక్షుడి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ముసలాయన, మంచి మర్యాదస్తుడు. ఆవిడ వాళ్ళ భాషలో నేర్చుకున్న నాలుగు ముక్కలూ చక్కగా చెప్పి, లేచి చేతులు జోడించి, చివర్లో "వెళ్ళొస్తానండి" అన్న మాటను కూడా వాళ్ళ భాషలోకి మార్చి చెప్పేసింది. మనకి ఎవరింటి నుంచి లేచినా "వెళ్తాను" అనడానికి నోరు రాదు కదా. వాళ్ళకి ఆ పట్టింపు తెలీదు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి, "మళ్ళీ వస్తారా? ఎందుకు?" అన్నాడు. పక్కనున్న అధికారి తెల్లమొహం వేశాడు. ఏదో అలవాటు మాటండి అని నవ్వేస్తే అక్కడికి సరిపోయేది. మా ఆవిడ నవ్వలేదు. "మా గోదావరి వాళ్ళు మీ దగ్గరే ఉన్నారు కదండీ. వాళ్ళని తీసుకెళ్ళడానికి రావాలి" అంది. ముసలాయన "అంత దూరం రెండుసార్లు ఎందుకమ్మా, ఇప్పుడే తీసుకెళ్ళండి" అని తనే నవ్వేశాడు.

కాగితాల పని పూర్తయ్యేదాకా ప్రయాణం వాయిదా వేసుకుని, అందరం ఒకే విమానానికి బయల్దేరాం. విమానాశ్రయంలో మా ఆవిడ ఈ సంగతి చెబితే వాళ్ళు పడీ పడీ నవ్వారు. అప్పగించడానికి వెంట వచ్చిన జైలు కాపలావాళ్ళకి వీళ్ళ మీద ఎంత ప్రేమ పుట్టిందో, పట్టుకున్న చేతులు వదలరు! మనవాళ్ళు అలవాటు కొద్దీ ఆ మాటే అనబోతుంటే, ఇప్పుడు రొయ్యలు పంపుతున్న పెద్దాయన అడ్డం పడ్డాడు. "ఒరేయ్, ఎల్లొత్తామనకండ్రోయ్! ఎల్లిపోతన్నామని సెప్పండి!" ఆ హాలంతా మా నవ్వులే. మా ఆవిడ, అంతటి రాయబారి, నవ్వలేక కుర్చీలో కూలబడింది. అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి చెప్పమంటే నేను వెతుక్కోవాలి. కాలం ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పదు. అందుకే ఆ రోజు దగ్గరికి అప్పుడప్పుడూ నేనే వెళ్ళొస్తుంటాను.