వీపు మీది కవచం

మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన మధ్యలో యాంప్లిఫయర్ వేడెక్కి, దాని మీద పేరుకున్న దుమ్ము కాలిన వాసన వచ్చింది. అందరూ పాడుతున్నారు. నేను మాత్రం మనసులో ఒకప్పటి రత్నం అన్న గేమింగ్ సెంటర్‌కి వెళ్లిపోయాను. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో, మేడ మీద ఒకే గది. కిటికీ తెరిస్తే బెల్లం వాసన, మూస్తే వేడెక్కిన కంప్యూటర్ల వాసన.

రత్నం అన్న మా సంఘంలో కీబోర్డు వాయించేవాడు. అంతకుముందు బాగా తాగేవాడు. విసిగి పుట్టింటికి వెళ్లిపోయిన సుజాత వదిన, అతను బాప్తిస్మం తీసుకున్నాక పాపతో తిరిగి వచ్చింది. మళ్లీ ఒక్కసారి తాగినా ఇక రానని చెప్పి మరీ వచ్చింది. సంఘంలో కొందరు అన్న కోసం ప్రార్థించేవారు. కొందరు ఎప్పుడు పడతాడా అని చూసేవారు.

నేను డిగ్రీ చదువుతూ సాయంత్రాలు అక్కడే గడిపేవాణ్ణి. మనిషి లోపల కూర్చుని నడిపే ఇనుప యంత్రాలు పోరాడుకునే ఆట ఒకటుండేది. యంత్రం మోయగలిగే బరువు ఇంతే అని ముందే నిర్ణయమై ఉంటుంది. ఇంజను, ఆయుధాలు, కవచం ఆ బరువులోనే సర్దుకోవాలి. ఎలమంచిలి కుర్రాళ్లతో పోటీకి అన్న నాకిచ్చిన పని, వేగంగా వెళ్లి కొట్టి, వాళ్లు తేరుకునేలోగా వచ్చేయడం. పెద్ద ఇంజను పెట్టాను, పెద్ద ఫిరంగి పెట్టాను. బరువు చాలక వీపు మీది కవచమంతా తీసేశాను. సాధనలో కొట్టి ఇటు తిరిగానో లేదో, వెనక నుంచి ఒక్క దెబ్బకు పేలిపోయాను.

"ఏటిరా తమ్ముడూ, ఈపు మీద ఏటీ నేదేటి?" అన్నాడు అన్న.

నేను ధీమాగానే కారణం చెప్పాను. బైబిల్లో చెప్పిన, విశ్వాసి ధరించే కవచంలో శిరస్త్రాణం ఉంది, డాలు ఉంది, వీపుకు మాత్రం ఏమీ లేదు. విశ్వాసి వెన్ను చూపకూడదని పాస్టరు అయ్యగారు ప్రసంగంలో చెప్పారు కదా అన్నాను. అన్న నవ్వు ఆపుకోలేక మౌసు వదిలేశాడు.

"అయ్యగారు సెప్పింది నిలబడేవోడికిరా. నీది పారిపోయే బండి. పారిపోయేవోడికి ఈపే మొకం."

పక్కన కూర్చుని ఫిరంగి తీయించాడు. రెండు చిన్న లేజర్లు చాలన్నాడు. ఆయుధాలు ఎక్కువైతే యంత్రం వేడెక్కి ఆగిపోతుంది, ఆగితే చచ్చినట్టే. మిగిలిన బరువంతా కాళ్లకూ వీపుకూ పెట్టించాడు. ఫిరంగి పోతుంటే నలుగురిలో చొక్కా విప్పుతున్నట్టనిపించింది నాకు.

పోటీ రోజు నా యంత్రం వెళ్లిన ప్రతిసారీ కొట్టి, క్షేమంగా తిరిగి వచ్చింది. గెలిచేలాగే ఉన్నాం. అప్పుడు అన్న పాత స్నేహితుడొకడు సంచిలో సీసాతో మెట్లెక్కి వచ్చాడు. "బావా, నన్ను మర్సిపోయేవేటి? ఒక్క గుక్కేరా" అన్నాడు, ఎంతో ఆప్యాయంగా. బైబిల్ వాక్యం చెప్పి పంపేస్తాడనుకున్నాను. అన్న లేచి, చెప్పులైనా వేసుకోకుండా వెనక మెట్ల మీదుగా దిగిపోయాడు. మీ కెప్టెన్ పారిపోయేడని ఎలమంచిలి వాళ్లు నవ్వారు. ఒక మనిషి తగ్గి ఓడిపోయాం.

మర్నాడు చర్చిలో కీబోర్డు తుడుస్తూ కనిపించాడు. తిన్నగా ఇంటికి పోయి వదినని అన్నం పెట్టమన్నాడట. నిలబడి ప్రార్థన చేసి ఉండాల్సింది కదా అని అడిగాను. నా గొంతులో కోపం ఉంది.

"నిలబడి సూసేన్రా, శానాసార్లు. పడ్డాను. నానెప్పుడూ తాగుడ్ని గెలవనేదు. దానికి దొరక్కుండా ఎల్లిపోతన్నాను, అంతే."

బైబిల్లో ఐగుప్తు బానిసత్వం నుంచి వెళ్లిపోతున్న జనం ముందు దారి చూపుతూ నడిచిన దేవుని మేఘం, రాజు సైన్యం తరుముకొచ్చినప్పుడు ఎక్కడికి పోయిందో చెప్పమన్నాడు. వాళ్ల వెనక్కి వచ్చి నిలబడిందన్నాను. సండే స్కూల్లో అప్పజెప్పి బహుమతి తెచ్చుకున్న భాగమే అది. అయినా అక్కడ వీపుకు కవచముందని నాకెప్పుడూ తట్టలేదు.

అన్న పోయినేడు గుండెపోటుతో ప్రభువు దగ్గరికి వెళ్లాడు. సమాధి దగ్గర అన్న గురించి సాక్ష్యం చెప్పమంటే వదిన లేచి, "నాను మళ్లీ పుట్టింటికి ఎల్లనేదు" అని మాత్రం చెప్పి కూర్చుంది.

నాకు తాగుడు లేదు, కోపం ఉంది. మాటా మాటా పెరిగే చోటు నుంచి లేచి వచ్చేస్తాను. పిరికివాడన్నవాళ్లున్నారు. ఆ మాట పడి ఇంటికొచ్చిన రోజుల్లో నాకు నిద్ర బాగా పట్టింది.