హల్వా పిన్ని ఊపిరి బిగబట్టిన రోజు

ఇప్పుడంటే మా అనకాపల్లిలో ఆడవాళ్ళు ట్రెడ్‌మిల్ మీద ఫోన్లో సీరియల్ చూసుకుంటూ నడుస్తున్నారు గానీ, నేను జిమ్ములో చేరిన కొత్తలో, ఎవరైనా చూస్తున్నారేమోనని రోడ్డుకి అటూ ఇటూ చూసుకుని మరీ మెట్లెక్కేవారు. వాళ్ళకి కోచ్‌ని నేను! (ఆ మెట్లెక్కితే నాకే ఆయాసం వచ్చేదన్న సంగతి ఓనరుకి తెలియదు.) మా అబ్బా టైలరు. జన్మలో ట్రాక్ సూటు కుట్టని మనిషి, కూతురికి ఉద్యోగం వచ్చిందన్న సంబరంలో స్కూలు యూనిఫాం గుడ్డతో ఒకటి కుట్టి, ఇస్త్రీ చేసి చేతిలో పెట్టాడు. అది వేసుకుంటే కోచ్‌లా కాదు, టెన్త్ తప్పిన పిల్లలా ఉండేదాన్ని. ఆ లోటు పూడ్చుకోవడానికి సైన్సు మాట్లాడేదాన్ని. ఒంట్లో శక్తి ఎలా పుడుతుందన్న పాఠం ఒక్కటే నాకు కంఠతా వచ్చు. కనబడ్డవాళ్ళందరికీ అదే అప్పజెప్పేదాన్ని.

మా బ్యాచ్‌లో మిగతావాళ్ళు పావుగంట నడిచి అరగంట కబుర్లు చెప్పుకునేవారు. హల్వా పిన్ని మాత్రం మిషను దిగేది కాదు. మాడుగులలో వాళ్ళాయనకి హల్వా దుకాణం ఉంది, అందుకని మేం పెట్టుకున్న పేరది. బస్సెక్కి అంత దూరం నుంచి వచ్చేది. "ఇక చాలు పిన్నీ, సన్నబడిపోయావు" అన్నాను ఒకరోజు. "సన్నబడ్డానికి కాదమ్మా, అలిసిపోడానికి వత్తన్నాను. ఒళ్ళు అలిసిపోతే రేతిరికి కాత్త నిద్దరడతాది" అంది. ఇంటరు చదివే ఒక్కగానొక్క కూతురు జ్వరమొచ్చి పోయిందట. అప్పట్నుంచీ పిన్నికి అన్నం సయించదు, కంటి మీద కునుకు లేదు. ఇన్ని టీ నీళ్ళు తాగి వచ్చి, నడుస్తూనే ఉండేది. ఇలాగే ఉంటే ఈవిడ మనకి దక్కదని నాకు భయం పట్టుకుంది. తినమంటే వినదు. సరే, సైన్సు చెబితే వింటుందనుకున్నాను. (ఏడుపుక్కూడా సైన్సు పనిచేస్తుందని ఆ వయసులో నా నమ్మకం.)

"ఒంట్లో కంటికి కనబడని కణాలుంటాయి పిన్నీ. వాటిలో బుల్లి బుల్లి పొయ్యిలుంటాయి. మనం తిన్న అన్నం చక్కెరగా మారి, రక్తంలో కలిసి అక్కడికి చేరుతుంది. అది కట్టె అనుకో. పీల్చిన గాలిలోని ఆక్సిజనూ అక్కడికే వెళ్తుంది. రెండూ కలిస్తేనే మంట. ఆ మంటే నీ కాళ్ళని నడిపిస్తోంది" అన్నాను. పక్కన సైకిల్ తొక్కుతున్నావిడ "మరి పొగెటు పోతాది?" అని అడిగింది. నా సర్వీసులో అంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు! "మనం వదిలే ఊపిరే ఆ పొగ" అన్నాను, ఏదో నేనే కనిపెట్టినట్టు. పిన్ని నడుస్తూనే "నాను తిండే తినట్లేదు గదా, మరి కట్టిలెక్కడివి?" అంది. "ఇదివరకు తిన్నదాంట్లో కొంత ఒళ్ళు కొవ్వుగా దాచుకుంటుంది. నువ్వు తిననప్పుడు దాన్నే తీసి కాలుస్తుంది." "ఇదివరకంటే ఎప్పుడిది?" "నువ్వు కడుపునిండా తిన్న రోజుల్లోది" అన్నాను.

పిన్ని మిషను ఆపే ఎర్రబొత్తాం నొక్కేసింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, ముక్కు మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడిపోయింది. మొహం కందిపోతోంది. అందరం గుండెపోటే అనుకున్నాం. ఓనరు పరిగెత్తుకొచ్చి, కంగారులో తిరుగుతున్న ఫ్యాను ఆపేశాడు (వేద్దామనుకున్నాడట పాపం). నేను భుజాలు పట్టి కుదిపేస్తే, కొంగు వదిలి నేల మీద కూలబడింది. "దాంతో కలిసి తిన్నదే గదమ్మా ఈ ఒళ్ళంతా! మీ బాబాయి హల్వా దింపీసేక, కళాయి అడుగు గీక్కుని తల్లీ కూతురం ఒక్క కంచంలో తినీవోలం. అదంతా నానే కాల్చీసి గాల్లోకి ఇడిసీత్తన్నానేటి?"

నేనూ ఆవిడ పక్కనే నేల మీద చతికిలబడ్డాను. ఎవరు చెప్పించారో తెలియదు, "తింటే అది కాలదు పిన్నీ! ఇవాళ్టి కట్టె పొయ్యిలో ఉంటే, దాచినదాని జోలికి పోదు" అనేశాను. "నిజంగానా?" "మా అబ్బా మీద ఒట్టు!" నా టిఫిన్ డబ్బా తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను. చల్లారిన చపాతీలు, బంగాళాదుంప కూర. వెక్కుతూ, ముక్కు చీదుకుంటూ, గబగబా మొత్తం తినేసింది. నేను డంబెల్స్ స్టాండు వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

ఆ తర్వాత ఈ విద్య నేను సరిగ్గా చదువుకున్నాను. కొవ్వంటే పెట్టెలో పెట్టి తాళం వేసుకున్న నగ కాదు. మనం తిన్నా, పడుకున్నా పాతది కరుగుతూనే ఉంటుంది, కొత్తది చేరుతూనే ఉంటుంది. ఆ పిల్లతో పంచుకున్న హల్వా మాడంతా ఎప్పుడో ఊపిరై పోయి ఉంటుంది. ఏమీ తెలియకుండా అంత ధీమాగా ఒట్టేసేసిన ఆనాటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఈ పాఠం అప్పుడే వచ్చి ఉంటే ఆ ఒట్టు వేయడానికి నా నోరు పెగిలేది కాదు. పిన్ని ఇప్పటికీ ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా జిమ్ముకి వస్తుంది, పుష్టిగా, కడుపునిండా తిని. ఇక్కడికొచ్చే అందరిలోనూ బరువు తగ్గలేదని సంతోషించే మనిషి ఆవిడొక్కతే. తూకం మిషనెక్కి, కిందకి చూడకుండా నా మొహంలోకి చూస్తుంది.

"సూడమ్మా, ఎక్కడిదక్కడే ఉన్నాది గదా?"

"ఉంది పిన్నీ, ఎక్కడికీ పోలేదు" అంటాను.